ఊపిరి చిల్లు

“వదినా, ఇది మీ వంటిల్లు కాదు. గరిటె వెతుక్కున్నట్టు ఇక్కడ వెతక్కూడదు,” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

అతను నాకు సొంత మరిది. మా పెళ్ళినాటికి నిక్కర్లు వేసుకుని తిరిగేవాడు. ఇప్పుడు భుజం మీద నక్షత్రాలు వచ్చాయి కాబట్టి నాకు చట్టం నేర్పుతున్నాడు. నేను ప్రైవేటు డిటెక్టివునంటే ఇప్పటికీ నవ్వుతాడు. నవ్వనీ. మేమిద్దరం ఎదురుపడ్డ కేసుల్లో చివరికి ఎవరి మొహం వాడిందో మా అత్తగారిని అడిగితే చెబుతుంది. ఆవిడ ఏదీ మర్చిపోదు.

“వంటింట్లో పోయిన గరిటె నీకెప్పుడైనా దొరికిందా? నాకే దొరికేది. కాస్త జరుగు,” అన్నాను.

మేం నిలబడ్డది బాల్‌పెన్నుల ఫ్యాక్టరీలో, డిజైను గదిలో. కిటికీ పక్క బల్ల మీద ఆరు పలకల పెన్ను గొట్టాలు, ఇత్తడి మొనలు, సిరా నింపిన రీఫిళ్ళు పళ్ళేల్లో సర్ది ఉన్నాయి. బల్ల వెనక డిజైనరు కూర్చుని ఉంది, పక్కనే ఒక మహిళా కానిస్టేబులు. ఆ డిజైనరు మా మేడ మీద వాటాలో అద్దెకుంటుంది. పొద్దున్న పోలీసులు వచ్చి తీసుకెళ్తుంటే మెట్ల మీంచి “ఆంటీ!” అని ఒక్క కేక పెట్టింది. ఆ కేకే నాకు వకాల్తా.

జరిగింది ఇది. మొన్న సాయంత్రం ఆరేళ్ళ పాప ఒకతె హోంవర్కు చేసుకుంటూ పెన్ను మూత నోట్లో పెట్టుకుంది. నవ్విందో, తుమ్మిందో, మూత జారి ఊపిరిగొట్టానికి అడ్డం పడింది. డాక్టర్లు మూత బయటికి తీశారు గానీ పాప ఇంకా కళ్ళు తెరవలేదు. ఆ మూత ఈ ఫ్యాక్టరీది, తెల్లది. దాని కొసన ఉండాల్సిన చిల్లు లేదు.

ఆ చిల్లు సిరా ఆరడానికని కొందరు, ఖర్చు తగ్గించడానికని కొందరు అనుకుంటారు. నిజానికి అది ప్రాణం కోసం పెట్టింది. మూత గొంతులో ఇరుక్కున్నా ఆ చిల్లులోంచి కాస్త గాలి ఆడుతుంది. డాక్టరు చేతికి చేరేదాకా మనిషి నిలబడతాడు.

“కేసు తేలిపోయింది వదినా,” అన్నాడు మరిది, చేతులు వెనక్కి కట్టుకుని. “నీలం మూతల పెన్ను పాతది, దానికి చిల్లుంది. తెల్ల మూతల పెన్ను ఈవిడ కొత్తగా గీసింది. నున్నగా, అందంగా ఉంటుందని చిల్లు ఎత్తేసింది. పాప సంగతి తెలియగానే నిన్న పొద్దున కంప్యూటర్లో బొమ్మ తెరిచి, చిల్లు పెట్టి, ఏమీ ఎరగనట్టు కూర్చుంది. బొమ్మ నిన్ననే మార్చినట్టు తేదీ, టైము అన్నీ పడ్డాయి. సాయంత్రం కోర్టులో హాజరుపరుస్తున్నాను.”

“నేను మార్చలేదు సార్,” అంది డిజైనరు. “వార్త వినగానే భయమేసి తెరిచి చూశాను. చిల్లు ఉండాల్సిన చోటే ఉంది. అలవాటు కొద్దీ సేవ్ నొక్కి మూసేశాను.”

“అలవాటు కొద్దీ!” అని మరిది నాకేసి కళ్ళెగరేశాడు.

నేను కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాను. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టగలనని నాకు పేరు. కానీ భయపడ్డ మనిషి ఆవలించదు కూడా. ముందు ఆ భయం వదలాలి.

“నీ పెన్ను గురించి చెప్పమ్మా. మా ఆయన్ని మేడ మీద కూర్చోబెట్టి గంటసేపు చెప్పావే, అది.”

ఆమె తలెత్తింది. ఒక పెన్ను చేతిలోకి తీసుకుంది, అంతే, గొంతు మారిపోయింది.

“మొదట బాల్‌పెన్ను చేసినాయన తోలు మీద గుర్తులు పెట్టుకోడానికి చేశాడు ఆంటీ. తోలు మీద రాసింది గానీ కాగితం మీద పనికి రాలేదు. చాలా ఏళ్ళ తర్వాత ఒక పత్రికాయనకి ఒళ్ళు మండింది. ప్రెస్సు సిరా కాగితం మీద పడగానే ఆరిపోతోంది, నా పెన్ను సిరా మాత్రం చొక్కాలు పాడుచేస్తోంది, ఇదేం ఖర్మ అని. ప్రెస్సు సిరా చిక్కన, పాళీలోంచి దిగదు. అందుకని కొసన చిన్న గుండు పెట్టారు. అది దొర్లుతూ సిరాని బయటికి తెస్తుంది, రాయనప్పుడు తనే బిరడాలా అడ్డం కూర్చుంటుంది. కాస్త వదులైతే కారుతుంది, కాస్త బిగిస్తే రాయదు. ఎంతమంది తలలు బద్దలుకొట్టుకున్నారో! ఇవి ఆరు పలకలెందుకు? బల్ల మీంచి దొర్లిపోకుండా. గొట్టం పక్కన ఈ చిల్లెందుకు? సిరా తగ్గేకొద్దీ లోపలికి గాలి పోవాలి, లేకపోతే రాస్తూ రాస్తూ మొరాయిస్తుంది. మూతకి చిల్లు అన్నిటికంటే ఆఖర్న వచ్చింది. పిల్లలు ప్రాణాల మీదికి తెచ్చుకున్నాక వచ్చింది.”

ఇన్‌స్పెక్టరు వైపు తిరిగి పెన్ను బల్ల మీద పెట్టింది. అది దొర్లలేదు.

“ఒక చిల్లు పెన్ను ఊపిరికి, ఇంకోటి పిల్లల ఊపిరికి. ఇంత చవక వస్తువులో ఇంత ఆలోచన ఇంకెక్కడుంది సార్? నన్నిక్కడ అందరూ ‘చిల్లుల డిజైనరు’ అని వెక్కిరిస్తారు. నాకది బిరుదు. జైల్లో పెట్టండి, వెళ్తాను. చిల్లు నేను ఎత్తేశానని మాత్రం ఒప్పుకోను.”

అద్దె టైముకి ఇస్తుందని ఇష్టపడేదాన్ని. ఆ క్షణం నుంచి ఆమె మా ఇంట్లో ఉంటున్నందుకే గర్వంగా అనిపించింది.

“తెల్ల పెన్నుకి వేరే బొమ్మ గీశావా?”

“లేదు ఆంటీ. ప్లాస్టిక్కు రంగు మార్చారంతే. అచ్చు ఒక్కటే.”

“రెండున్నాయి!” మరిది అందుకున్నాడు. “అచ్చుల మేస్త్రి నాతో స్వయంగా చెప్పాడు. నీలం మూత తీసి చూపించాడు, చిల్లు నిక్షేపంలా ఉంది. తెల్లవన్నీ నిన్ననే సీలు చేయించాను. నీలం పెన్నులకి భయం లేదని జనానికి ధైర్యం చెప్పాలా? ఫ్యాక్టరీ వాళ్ళు పెట్టెలిస్తే ఇవాళ పొద్దున మా బుజ్జిదాని స్కూల్లో క్లాసు క్లాసుకీ వెళ్ళి నేనే పంచాను. ఫోటో కూడా పడింది.”

“గుండెలు ఎంత విరుచుకున్నావో ఫోటోలో చూస్తాలే. ఆ మేస్త్రి చూపించిన మూత పెట్టెలోంచి తీశాడా, జేబులోంచి తీశాడా?”

“జేబులోంచి. అయితే ఏం?”

“ఏం లేదు. పద, అచ్చుల షెడ్డు చూద్దాం. డిజైనర్ని కూడా తీసుకురా.”

“పది నిమిషాలు, వదినా. అంతకంటే ఒక్క నిమిషం ఎక్కువైతే...”

“అంతకంటే ఎక్కువ పడితే నేను డిటెక్టివు బోర్డు పీకేస్తాను,” అన్నాను.

పళ్ళెంలోంచి రెండు రీఫిళ్ళు తీసుకుని జేబులో వేసుకున్నాను.

అచ్చుల షెడ్డు వేడిగా ఉంది. మధ్యలో పెద్ద మిషను మూసుకోవడం, తెరుచుకోవడం, ప్రతిసారీ గుప్పెడు నీలం మూతలు కింద తొట్టెలోకి రాలడం. ఎదురుగా గోడకి పూలదండ వేసిన బోర్డు: ‘ఆగకుండా నడిచిన రోజులు’. కింద సుద్దతో రాసిన అంకె. బోర్డు కింద అచ్చుల మేస్త్రి నిలబడి ఉన్నాడు. యాభై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా. పనివాళ్ళు వెనకాల ఆయన్ని ‘గడియారం’ అంటారట. మిషను ఒక్క నిమిషం ఆగినా ఆయనకి అన్నం సహించదు.

“ఆ దండ ఎవరు వేశారు మేస్త్రిగారూ?”

“యజమానిగారే స్వయంగా వేశారమ్మా. పోయిన వేసవి నుంచి ఈ మిషను ఒక్క పూట ఆగలేదు. చుట్టుపక్కల ఇంకే ఫ్యాక్టరీలోనైనా చూపించమనండి!” ఆయన ఛాతీ అరంగుళం పెరిగింది.

“భలే. అంతకుముందు ఆగేదా?”

“అప్పుడప్పుడు.”

“ఎందుకు?”

“ఏవో చిన్న చిన్న రిపేర్లు.” శుభ్రంగా ఉన్న చేతుల్నే గుడ్డతో తుడుచుకున్నాడు.

“అసలు మూతకి చిల్లు ఎలా పడుతుందండీ? తర్వాత పొడుస్తారా?”

ఈ ప్రశ్నకి నవ్వాడు. “పొడవడమేంటమ్మా! అచ్చులో ప్రతి మూతకీ సూదంత ఉక్కు పిన్ను నిలబడి ఉంటుంది. వేడి ప్లాస్టిక్కు దాని చుట్టూ పారుతుంది. పిన్ను ఉన్నచోట ఖాళీ మిగులుతుంది. అదే చిల్లు.”

“సూదంత పిన్నా? విరగదూ?”

“చేయి తిరిగినవాడి దగ్గర విరగదు.”

“మరి తెల్ల మూతల అచ్చులో?”

“దాంట్లో పిన్నుల్లేవు. అమ్మాయిగారి బొమ్మలో లేవు, నేను పెట్టలేదు. గీసిచ్చినట్టు చెయ్యడమే నా పని. ఆ అచ్చు దించేసి గోదాములో పడేశాం.”

డిజైనరు నోరు తెరవబోయింది. నేను కళ్ళతో వారించాను.

“విన్నారుగా వదినా?” అన్నాడు మరిది. “ఇక బయల్దేరదామా?”

“ఒక తెల్ల మూత ఇవ్వు.”

“సీలు వేసిన పెట్టెలు అవి! కోర్టుకి వెళ్ళాల్సిన సాక్ష్యం. సీలు విప్పితే నా ఉద్యోగం మీదికి వస్తుంది.”

“విప్పకపోతే ఈ పిల్ల బతుకు మీదికి వస్తుంది. ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు ఎవరి తప్పో ఈమె నెత్తిన పడింది. కానిస్టేబుల్ని సాక్షిగా పెట్టుకో. మా వదిన గయ్యాళి, లాక్కుందని రిపోర్టులో రాసుకో. ఆ మాట ఎవరైనా నమ్ముతారు.”

పళ్ళు నూరుతూనే పెట్టె తెప్పించాడు. సాక్షి ఎదుట విప్పి, ఒక మూత నా చేతిలో పెట్టాడు. కొస నున్నగా ఉంది. చిల్లు లేదు, గీత లేదు, కంటికి ఏమీ ఆనలేదు.

నేను రీఫిలు మొన మిషను పక్కనున్న పటకారుతో విరిచి, వెనక నుంచి గట్టిగా ఊదాను. నల్లటి నీలం సిరా జిగురులా బయటికొచ్చింది. మూత కొసకి దట్టంగా పులిమాను.

“ఏం చేస్తున్నారు వదినా?”

“పాచి పని. చూస్తూ ఉండు.”

చేతిరుమాలుతో ఒక్కసారి గట్టిగా తుడిచాను. తెల్లటి కొస మళ్ళీ తెల్లగా వచ్చింది. దాని నట్టనడుమ వెంట్రుక కంటే సన్నగా, గుండ్రంగా, ఒక నీలి వలయం మిగిలింది.

భూతద్దం మరిది చేతికిచ్చాను. అతను వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

“ఇదేంటి?”

“పిన్ను ఉన్న చోటు. అచ్చులో పిన్నే లేకపోతే ఉక్కు అంతా ఒకే పలకగా ఉంటుంది, అతుకు ఉండదు. పిన్ను పెట్టి, తర్వాత దాన్ని అడుగుదాకా అరగదీస్తే పిన్ను మొదలు అక్కడే ఉంటుంది. దాని చుట్టూ అతుకు ఉంటుంది. ఎంత అద్దంలా మెరుగు పెట్టినా ఆ అతుకులోకి వేడి ప్లాస్టిక్కు రవ్వంత దూరుతుంది. మనిషి కన్ను మోసపోవచ్చు, ప్లాస్టిక్కు మోసపోదు. ఈ అచ్చులో పిన్ను ఉండేది మరిదీ. బొమ్మలో ఉంది కాబట్టే అచ్చులోకి వచ్చింది.”

డిజైనరు ఆ మూతని అరచేతిలోకి తీసుకుంది. ఏడుస్తుందనుకున్నాను. నిటారుగా నిలబడి, “నా పిన్ను,” అంది. “సరిగ్గా నేను పెట్టమన్న చోటే ఉంది సార్. కొలుచుకోండి.”

“నేనేం అరగదీయలేదు!” అన్నాడు మేస్త్రి.

“మీరు అరగదీశారని నేనింకా అనలేదే,” అన్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం చదువుకున్నాం గానీ, కళ్ళెదుట అంత చక్కగా తడుముకున్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

మేస్త్రి సర్దుకున్నాడు. “ఆ తెల్ల అచ్చు సంగతి నాకు తెలీదమ్మా. మరొకడెవడో చేసుంటాడు. నీలం దానికి చిల్లుంది, సారుకి చూపించాను.”

“జేబులోంచి,” అన్నాను.

మిషను మళ్ళీ తెరుచుకుంది. మూతలు రాలాయి. నేను రెండడుగులు వేసి తొట్టెలో చెయ్యి పెట్టాను. మేస్త్రి “అమ్మా, కాలుతుంది!” అని అడ్డం వచ్చేలోపే వెచ్చటి నీలం మూత ఒకటి నా గుప్పిట్లో ఉంది. కొస వెలుతురుకి ఎత్తి చూశాను. మరొకటి తీశాను. ఇంకొకటి.

ఒక్కదానికీ చిల్లు లేదు.

“అచ్చు ఒకటే,” అన్నాను. “రంగులే రెండు. తెల్లదానికో నీతి, నీలందానికో నీతి అని మీరు కట్టిన కథ సారు చెవిలో పువ్వు. నాకు అంత పెద్ద చెవులు లేవు. సూదంత పిన్నులతో పోయిన వేసవి నుంచి ఒక్క పూట కూడా ఆగని మిషనా మేస్త్రిగారూ? మీరు గొప్పలు చెప్పుకున్న ఆ బోర్డే మిమ్మల్ని పట్టించింది. పిన్నులు అరగదీసిన రోజు నుంచే ఆ అంకె మొదలైంది, అవునా?”

మేస్త్రి బోర్డు కేసి చూశాడు.

“వారం తిరక్కుండా ఒకటి విరిగేదమ్మా,” అన్నాడు చివరికి. “విరిగినప్పుడల్లా అచ్చు దించాలి, కొత్తది బిగించాలి. పూట పోయేది. ఎదురుగా కుర్రమేస్త్రులు నవ్వేవాళ్ళు, గడియారం ఆగిందిరా అని. పాతికేళ్ళు ఈ చేతులతో అచ్చులు చేశాను. నా మిషను ఆగడం నేను చూడలేకపోయాను. ఒకటి అరగదీశాను. ఎవరూ కనిపెట్టలేదు. తర్వాత అన్నీ... మూత పని మూయడమే కదా, చిల్లు లేకపోతే ఏమైందిలే అనుకున్నాను. పాప సంగతి విన్నాక చెబుదామనే అనుకున్నాను. మింగలేక కక్కలేక ఉన్నాను.”

ఆయన మీద కోపం రావాలి, వచ్చింది కూడా. చేసిన పని మీద గర్వం డిజైనరుకీ ఉంది, ఈయనకీ ఉంది, నాకు అందరికంటే ఎక్కువే ఉంది. ఆమె గర్వం పిల్లల కోసం చిల్లు పెట్టింది. ఈయన గర్వం బోర్డు కోసం దాన్ని మూసింది.

“ముందు మిషను ఆపండి,” అన్నాను.

మేస్త్రి చెయ్యి ఎర్ర మీట దాకా వెళ్ళి ఆగిపోయింది. డిజైనరు ఆయన్ని పక్కకి జరిపి తన అరచేత్తో మీట నొక్కింది. షెడ్డంతా నిశ్శబ్దమైపోయింది. ఆమె బోర్డు దగ్గరికి వెళ్ళి అంకెని చేత్తోనే తుడిచేసింది. కానిస్టేబులు ఆమెని ఆపలేదు.

“సరే వదినా, గెలిచారు,” అంటూ మరిది టోపీ సర్దుకున్నాడు. “అమ్మకి నేనే చెప్తాను. అమ్మాయిగారూ, మీరు ఇంటికి...” అక్కడ ఆగిపోయాడు.

చేతిలో ఉన్న నీలం మూత కేసి చూస్తున్నాడు.

“పోయిన వేసవి నుంచీ అన్నీ ఇవేనా?” అన్నాడు మెల్లగా. “అయితే ఇవాళ పొద్దున...”

నేనూ అప్పుడే ఆ మాట దగ్గరికి వచ్చాను. క్లాసు క్లాసుకీ నేనే పంచాను. ఫోటో కూడా పడింది. మా మరిది చిన్నప్పుడు ఇంట్లో ఒక్క పెన్ను మూతనీ కొరక్కుండా వదల్లేదు. ఆ అలవాటు కూతురికి నూటికి నూరుపాళ్ళూ వచ్చింది.

అతను జేబులోంచి ఫోను తీశాడు. నేనే లాక్కుని స్కూలుకి కలిపి, స్పీకరు పెట్టాను. హెడ్మిస్ట్రెస్ తీసింది. ఇన్‌స్పెక్టరు గారి అమ్మాయి అనగానే, “ఆ మహాతల్లి నా గది బయటే నిలబడి ఉందండీ, పొద్దున్నుంచి ఒకటే అల్లరి,” అని ఫోను దానికే ఇచ్చింది.

“పెద్దమ్మా!” ఏడుపు లేదు, దగ్గు లేదు, గొంతు కంగుమంది. మరిది గోడకి ఆనుకున్నాడు. “నాన్న ఇచ్చిన పెన్నుల మూతలకి చిల్లుల్లేవు. చిల్లు లేని మూత నోట్లో పెట్టకూడదని నువ్వు చెప్పావుగా! నాన్నకి చెబుదామంటే ఫోటో దిగి వెళ్ళిపోయాడు. టీచరుకి చెబితే కూర్చోమంది. అందుకని మా క్లాసులో అందరి మూతలూ నేనే లాక్కుని నా డబ్బాలో దాచేశాను. అందుకే నన్ను బయట నిలబెట్టారు.”

నా కేసులన్నీ ఒకవైపు పెట్టి తూచినా ఆ డబ్బా ముందు తేలిపోతాయి. మా ఇంటి పిల్ల అది. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. డిజైనరు చేతిలో తెల్ల మూత పట్టుకుని నవ్వుతోంది, కళ్ళలో నీళ్ళతో.

“మా అమ్మే, మా బంగారమే! అన్నీ వచ్చేశాయా? ఒక్కటి కూడా మిగల్లేదు కదా?”

“అందరూ ఇచ్చారు పెద్దమ్మా. నా పక్కన కూర్చునేవాడు ఒక్కడే ఇవ్వలేదు. ఎక్కడో పడిపోయింది, కనబడటం లేదన్నాడు.” కాస్త ఆగింది. “వాడు అప్పట్నుంచి దగ్గుతూనే ఉన్నాడు. ఇప్పుడు దగ్గడం కూడా ఆగిపోయింది. మా క్లాసు ఎదురుగానే ఉంది, కిటికీలోంచి కనిపిస్తున్నాడు, బెంచీ మీద తల వాల్చుకుని పడుకున్నాడు.”

“ఫోను హెడ్మిస్ట్రెస్‌కి ఇవ్వు! వాడి దగ్గరికి పరిగెత్తమను! అంబులెన్సు పిలవమను, మిగతా క్లాసుల్లో మూతలన్నీ లాక్కోమను, ఇప్పుడే!” అని అరిచాను.

బయట జీపు అప్పటికే స్టార్టయింది. తలుపు బార్లా తెరిచి పట్టుకుని, జీవితంలో మొదటిసారి మా మరిది నన్ను బతిమాలాడు.

“వదినా, రండి!”